ఇంకా వెళ్లకముందే కాలేజీ మీద బెంగ ఎందుకు?

మూడో_అంతస్తు

చివరి సెమిస్టర్ నడుస్తోంది. ప్రాజెక్టు వైవా, ఆ తర్వాత రాతపరీక్షలు, అంతే. ఎప్పుడు బయటపడదామా అని ఏళ్లకు ఏళ్లు ఎదురుచూసిన చోటు ఇది. ఇప్పుడేమో మెట్లెక్కుతుంటే కాళ్లు వాటంతట అవే నెమ్మదిస్తున్నాయి. మొన్న ల్యాబ్‌లో మా బ్యాచ్ వాళ్లు ఏ తీగ ఎక్కడ కలపాలో తేలక పోట్లాడుకుంటుంటే, నేను పక్కన నిలబడి వాళ్లనే చూస్తూ ఉండిపోయాను. ఎప్పుడో ముప్పై ఏళ్లు దాటాక తలచుకోవాల్సిన సంగతిని, జరుగుతుండగానే తలచుకుంటున్నానేమిటి అనిపించింది.

నా ఫిర్యాదు ఏమిటంటే, ఎవరితో చెప్పుకున్నా రెండే జవాబులు. ఒకటి, "ఉద్యోగంలో చేరితే అన్నీ మరచిపోతావు." రెండోది, "జీవితంలో మంచి రోజులంటే ఇవే, బాగా అనుభవించు." మొదటిది వింటే కోపం వస్తోంది. రెండోది వింటే భయం వేస్తోంది. మంచి రోజులు ఇక్కడితో సరి అయితే మిగిలిన జీవితం మాటేమిటి? పైగా మొదటి రెండేళ్లు నాకు ఇక్కడ ఏమీ నచ్చలేదు. అది నాకు స్పష్టంగా గుర్తుంది. మరి ఇప్పుడు ఈ ప్రేమ ఎక్కడి నుంచి ఊడిపడింది? చేజారిపోతోంది కాబట్టి పుట్టిన ప్రేమను నమ్మవచ్చా? చదువు ముగించి చాలాకాలమైనవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

లైబ్రరీ_మూల

నాకూ అయింది. చివరి నెలలో నోటీసు బోర్డు మీద కూడా ప్రేమ పుట్టుకొచ్చింది. తేదీ దాటిపోయిన కాగితాలను నిలబడి చదివేదాన్ని.

ముక్కుసూటి

అందరూ కలిసి ఈ అమ్మాయిని కంటతడి పెట్టించే ముందు ఒక మాట. జ్ఞాపకం నమ్మదగిన సాక్షి కాదు. హ్యారీ బారిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1996లో ఒక అధ్యయనం ప్రచురించారు. 99 మంది కాలేజీ విద్యార్థులను వాళ్ల హైస్కూలు గ్రేడ్లు చెప్పమని అడిగి, అసలు రికార్డులతో సరిచూశారు. 'ఎ' వచ్చినవాటిని 89 శాతం సరిగ్గా చెప్పారు. 'డి' వచ్చినవాటిలో సరిగ్గా చెప్పినవి 29 శాతమే. తప్పిన వాటిలోనూ ఎక్కువ భాగం ఉన్నదానికంటే పెంచి చెప్పినవే. కాగితం మీద అచ్చయిన గ్రేడు సంగతే ఇలా ఉంటే, సాయంత్రాలూ స్నేహాలూ తలపులో ఎంత మెరుగులు దిద్దుకుంటాయో చెప్పక్కర్లేదు. మొదటి రెండేళ్లు నచ్చలేదని మీరే అంటున్నారు. ఆ మాటను గట్టిగా పట్టుకోండి. ఐదేళ్లు గడిస్తే ఆ రెండేళ్లు కూడా బంగారమే అంటారు.

వేసవి_గాలి

ముక్కుసూటి గారూ, లెక్క బాగుంది కానీ ఇక్కడ అతకదు. ఆమె గతాన్ని తలచుకోవడం లేదు. ఎదురుగా కనిపిస్తున్నదాన్ని చూస్తోంది. ల్యాబ్‌లో వాళ్లు నిజంగానే పోట్లాడుకున్నారు, ఆమె నిజంగానే అక్కడ నిలబడింది. ఇందులో జ్ఞాపకం మెరుగులు దిద్దిందెక్కడ?

ముక్కుసూటి

ముందుగానే మెరుగులు దిద్దుతోంది అంటున్నాను. నిరుడు ఇదే పోట్లాట జరిగితే ఆమెకు తలనొప్పి వచ్చి ఉండేది.

వేసవి_గాలి

నిరుడు వచ్చిన తలనొప్పి ఒక్కటే నిజం, ఈ ఏడాది కలిగిన ఇష్టం అబద్ధం అని ఎవరు తీర్పు చెప్పారు?

పాత_బ్యాచ్

మాది 1997లో బయటికి వచ్చిన బ్యాచ్. చాలాకాలమైనవాళ్లను అడిగావు కాబట్టి చెబుతాను చెల్లెమ్మా, నీకు వచ్చిన రెండు జవాబులూ తప్పే. మరచిపోలేదు. అవే మంచి రోజులు అని కూడా నేను అనను. ఆ తర్వాత అంతకంటే గొప్ప రోజులు వచ్చాయి. మా పాప పుట్టింది, ఇష్టమైన పని దొరికింది, మా నాన్నగారితో అప్పటిదాకా మాట్లాడని మాటలు మాట్లాడుకున్నాం. అయినా కాలేజీ రోజులకు నా లోపల ఒక గది ఉంది. దాన్ని వేరే ఏదీ ఆక్రమించలేదు.

ఆ గదిలో ఏముందో చెబితే ఆశ్చర్యపోతావు. వార్షికోత్సవం లేదు. బహుమతి అందుకున్న సాయంత్రం ఫోటోలో ఉందే తప్ప నా మనసులో లేదు. ఉన్నవి వేరు. ల్యాబ్ తాళం తెచ్చే మనిషి రాలేదని వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్న మధ్యాహ్నాలు. రేపు పరీక్ష అనగా ఒకడు నేల మీద సుద్దముక్కతో ఎంట్రపీ అంటే ఏమిటో మా అందరికీ చెప్పిన రాత్రి. వాడు ఆ పరీక్షలో మాకంటే తక్కువ మార్కులు తెచ్చుకున్నాడు, దానికి ఇప్పటికీ బాధగానే ఉంటుంది. రికార్డులో బొమ్మలు ఒకరు గీస్తుంటే, రాత ఒకరు రాస్తుంటే, మూడోవాడు కబుర్లు చెబుతూ మేలుకోబెట్టేవాడు. ఆ మూడోవాడి పని ఎంత పెద్దదో అప్పట్లో ఎవరికీ తెలియలేదు.

నలభై దాటినవాళ్లను పాత సంగతులు చెప్పమంటే పది నుంచి ముప్పై ఏళ్ల మధ్య వయసువే ఎక్కువగా చెబుతారని పరిశోధకులు ఎప్పుడో గమనించారు. మొదటిసారి ఇల్లు వదలడం, మొదటిసారి సొంతంగా నిర్ణయాలు తీసుకోవడం, మొదటిసారి పరాయివాళ్లు మనవాళ్లు కావడం, అన్నీ ఆ వయసులోనే కదా జరిగేది. కాబట్టి నీకు ఇప్పుడు కలుగుతున్నది జబ్బేమీ కాదు.

మూడో_అంతస్తు

అన్నయ్యా, ఆ మూడోవాడు మా గదిలో నేనే. ఈ మాట మా వాళ్లకు చూపిస్తాను.

సాయంత్రం_బస్సు

ఇవన్నీ చదువుతుంటే నాకు మింగుడు పడటం లేదు. అందరి కాలేజీ ఒకటే అన్నట్లు మాట్లాడుతున్నారు. నేను పొద్దున తరగతులు, సాయంత్రం పని. గంట కొట్టగానే బస్సు కోసం పరుగు. వరండాలో గోడకు ఆనుకునే మధ్యాహ్నాలు నాకు లేవు. రాత్రి ఎవరూ సుద్దముక్కతో ఏమీ చెప్పలేదు, ఆ రాత్రుల్లో నేను లెక్కల పుస్తకం ముందు నిద్ర ఆపుకుంటూ ఒంటరిగా కూర్చున్నాను. గ్రూపు ఫోటోకు పిలిచినప్పుడు కూడా పనిలోనే ఉన్నాను.

ఇలాంటివాళ్లు ప్రతి తరగతిలోనూ ఉంటారు. చివరి రోజుల్లో అందరూ కౌగిలించుకుని ఏడుస్తుంటే మాకు ఏం చేయాలో తోచదు. ఏడుపు రాదు. రాలేదని తప్పుచేసినట్లు అనిపిస్తుంది. డిగ్రీ చేతికి రావడం నాకు పండుగే. ఆ చోటు మీద బెంగ లేదు. అలా ఉండటం కూడా సహజమేనని ఎవరైనా ఒకరు ఇక్కడ రాయాలి, అందుకే నేను రాస్తున్నాను.

లైబ్రరీ_మూల

సాయంత్రం_బస్సు గారూ, మీరు రాసినందుకు సంతోషం. ఒక్క ప్రశ్న అడగవచ్చా? మొత్తం కాలేజీలో మీది అనుకోదగ్గ చోటు ఒక్కటీ లేదా?

సాయంత్రం_బస్సు

ఉంది. మొదటి వరుసలో కిటికీ పక్క కుర్చీ. ఆలస్యమైనా నా కోసం ఖాళీగా వదిలేసేవారు. ఎవరు వదిలేవారో ఇప్పటికీ తెలియదు. పక్క కుర్చీలో కూర్చునే అమ్మాయి నోట్సుకు కింద కార్బన్ కాగితం పెట్టి రెండో ప్రతి తీసేది, అడగకుండానే ఇచ్చేది. మా మధ్య స్నేహం అనదగ్గ మాటలు నడవలేదు. కానీ ఆ నోట్సు లేకపోతే రెండో ఏడు గట్టెక్కేదాన్ని కాదు.

పాత_బ్యాచ్

అమ్మా, ఆ కుర్చీ ఖాళీగా ఉంచడం కూడా స్నేహమే. మీకు తెలియకుండా మీతో చేసిన స్నేహం.

ముక్కుసూటి

ఈసారి పాత_బ్యాచ్ గారితో ఏకీభవిస్తాను. కానీ సాయంత్రం_బస్సు గారు చెప్పిన అసలు సంగతి పక్కకు పోకూడదు. సమయం ఉన్నవాళ్లకు దొరికినది, సమయం లేనివాళ్లకు దొరకలేదు. కాన్సస్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ హాల్ అనే ఆచార్యుడు 2018లో దీని మీదే లెక్క తీశారు. ముఖపరిచయం మామూలు స్నేహం కావడానికి సుమారు 50 గంటలు, కాస్త గట్టి స్నేహానికి 90, ప్రాణస్నేహానికి 200 పైన కలిసి గడపాలని తేలింది. అందులోనూ పక్కపక్కన పనిచేసిన గంటల కంటే, ఏ పనీ లేకుండా కలిసి ఉన్న గంటలే ఎక్కువ బలం. కాలేజీ ఆ ఖాళీ గంటలను ఊరికే ఇచ్చేస్తుంది. బయటికి వచ్చాక ఒక్కో గంటనూ వెతుక్కోవాలి. మూడో_అంతస్తు గారు పోగొట్టుకుంటున్నది ఆ గంటలనే. వెళ్లిపోయేది భవనం కాదు, తీరిక.

వేసవి_గాలి

దగ్గరితనం కూడా. ఫెస్టింగర్, షాక్టర్, బ్యాక్ అనే ముగ్గురు పరిశోధకులు అమెరికాలోని ఎం.ఐ.టి.లో విద్యార్థి కుటుంబాల ఇళ్లలో ఎవరికి ఎవరితో స్నేహం కుదిరిందో చూసి 1950లో ప్రచురించారు. అభిరుచుల కంటే తలుపుల మధ్య దూరమే ఎక్కువగా పనిచేసింది. మెట్ల దగ్గర, ఉత్తరాల డబ్బాల దగ్గర ఉండేవాళ్లకు ఎక్కువమంది స్నేహితులయ్యారు. రోజూ ఎదురుపడితే చాలు.

లైబ్రరీ_మూల

అంటే మా స్నేహానికి కారణం హాజరు పట్టీలో మా పేర్లు పక్కపక్కన ఉండటమేనా! మా ల్యాబ్ బ్యాచ్ అంతా ఒకే అక్షరం.

వేసవి_గాలి

కారణం అదే కావచ్చు. అయినంత మాత్రాన విలువ తగ్గుతుందా? అన్నదమ్ములు కూడా ఎంచుకుంటే వచ్చినవాళ్లు కారు.

నల్లబల్ల

నేను పాఠాలు చెప్పే వైపు నుంచి రాస్తున్నాను. ప్రతి ఏడాదీ చివరి వారాల్లో మీ నడక మారడం మాకు కనిపిస్తుంది. మూడేళ్లు చివరి వరుస వదలని పిల్లలు ముందుకు వచ్చి కూర్చుంటారు. పాఠం అయిపోయినా కదలరు. సందేహం అడగడానికని స్టాఫ్ గదికి వచ్చి, సందేహం తీరాక కూడా తలుపు దగ్గరే నిలబడతారు. ఏదో చెప్పాలనుకుంటారు. చెప్పకుండా వెళ్లిపోతారు.

చెప్పండి. ఇంత సూటిగా అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మాకు ప్రతి ఏడాదీ కొత్త బ్యాచ్ వస్తుంది కాబట్టి అలవాటైపోయి ఉంటుందని మీ అందరి నమ్మకం. కాదు. ఒక బ్యాచ్ వెళ్లిపోయాక మొదటి వారం ఖాళీ తరగతి గదిలోకి వెళ్లాలంటే నాకు ఇప్పటికీ మనసు రాదు. హాజరు పిలిచేటప్పుడు కొన్నాళ్లు పాత పేర్లే నోటికి వస్తాయి.

మరో సంగతి. ఎవరికి ఎన్ని మార్కులు వచ్చాయో మాకు పెద్దగా గుర్తుండదు. తోటివాడికి ఒంట్లో బాగాలేకపోతే మోసుకెళ్లినవాడు గుర్తుంటాడు. ప్రశ్న తప్పుగా అడిగి, అందరూ నవ్వినా మళ్లీ అడిగిన అమ్మాయి గుర్తుంటుంది.

మూడో_అంతస్తు

మేడమ్, మా గణితం సర్‌తో మాట్లాడాలని ఎన్నాళ్లుగానో ఉంది. వెళితే పొగడ్త కోసం వచ్చినట్లు ఉంటుందేమో అని ఆగిపోతున్నాను. పైగా ఆయన చాలా గంభీరమైన మనిషి.

వేసవి_గాలి

నోటితో కుదరకపోతే ఉత్తరం రాయండి. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే ఇద్దరు పరిశోధకులు 2018లో సరిగ్గా మీ సంకోచం మీదే పరిశోధన చేశారు. కృతజ్ఞతగా ఉత్తరాలు రాయించి, అందుకున్నవాళ్లకు ఎలా అనిపిస్తుందో రాసినవాళ్లను ముందే ఊహించమన్నారు. తర్వాత అందుకున్నవాళ్లనూ అడిగారు. వాళ్ల ఆనందాన్ని రాసినవాళ్లు తక్కువగా అంచనా వేశారు. ఇబ్బంది పడతారేమో అన్న భయాన్ని ఎక్కువగా అంచనా వేశారు. మాటలు అందంగా కుదిరాయా లేదా అని రాసినవాళ్లకు దిగులు. చదివినవాళ్లకు అందులోని ఆప్యాయతే ముఖ్యమైంది.

గట్టి_గింజ

అందరు మాస్టార్లూ నల్లబల్ల గారిలా ఉండరు. నా ప్రాజెక్టును ఒకాయన ఏడాదంతా తిప్పి, చివరికి తన మాట ప్రకారం మార్చలేదని మార్కులు కోశారు. ఆయనకు నేను ఉత్తరం రాయను. కాలేజీ అంటే ప్రేమ ఉంటే అక్కడి ప్రతి మనిషినీ క్షమించాలా? నా వరకు నాకు ఆ మైదానం ఇష్టం, నా గది ఇష్టం, మా నలుగురూ ప్రాణం. ఆయన సంగతి వేరు. రెండూ ఒకే మనసులో ఉన్నాయి, ఉండనివ్వండి.

నల్లబల్ల

ఉండనివ్వాలి. క్షమించమని ఎవరూ అడగకూడదు కూడా. మీ కోపం న్యాయమైనది.

వేసవి_గాలి

గట్టి_గింజ గారు అన్న "రెండూ ఒకే మనసులో" అన్న మాట మీద చాలాకాలం వాదం నడిచింది. సంతోషమూ దుఃఖమూ ఒకేసారి కలుగుతాయా, లేక ఒకదాని తర్వాత ఒకటి వస్తాయా అని. లార్సన్, మెక్‌గ్రా, కాచియోపో అనేవాళ్లు 2001లో దీన్ని తేల్చడానికి వెతికిన సందర్భాలు చూడండి, ఒకటి విద్యార్థులు గదులు ఖాళీ చేసే రోజు, మరొకటి పట్టా అందుకునే రోజు. మామూలు రోజు కంటే ఆ రోజుల్లో రెండూ కలిసి ఉన్నాయని చెప్పినవాళ్లు ఎక్కువ. మూడో_అంతస్తు గారి మొదటి ప్రశ్నకు ఇందులో కొంత జవాబు ఉంది. అప్పటి విసుగునూ ఇప్పటి ఇష్టాన్నీ పక్కపక్కనే పెట్టుకోవచ్చు.

తాళం_పడిన_గది

మాది 2020లో ముగిసిన బ్యాచ్. ఇంతవరకూ ఎక్కడా రాయలేదు, ఇక్కడ రాస్తాను.

మార్చి నెలలో, కొద్దిరోజులే సెలవులు అన్నారు. దుప్పటి కూడా మడవకుండా బయలుదేరాం. సగం చదివిన పుస్తకం దిండు కింద ఉండిపోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్చి 11న మహమ్మారి అని ప్రకటించింది. ఆ తర్వాత ఎక్కడి విద్యార్థుల గతి అయినా ఒకటే కదా. మా చివరి తరగతి ఏదో మాకు తెలియకుండానే అయిపోయింది. ఆ రోజు నేను పాఠం వినలేదు, వెనక కూర్చుని మరో రికార్డు పూర్తి చేసుకుంటున్నాను. వైవా ఫోను తెర మీద జరిగింది. పట్టా తపాలాలో వచ్చింది. మా అమ్మ తలుపు తీసి సంతకం పెట్టి తీసుకుంది, నేను నిద్రపోతున్నాను.

సామాన్ల కోసం నెలల తర్వాత ఒక్కొక్కరినీ వేర్వేరు రోజుల్లో రమ్మన్నారు. గదిలో మా నలుగురి సామాన్లూ ఉన్నాయి, మనిషిని నేనొక్కదాన్నే. గోడ మీద మేము పెన్సిలుతో రాసుకున్న పేకాట లెక్కలు అలాగే ఉన్నాయి. నేను మూడో స్థానం.

పోతోందని ముందే తెలియడం ఎంత పెద్ద అదృష్టమో మూడో_అంతస్తుకు చెప్పాలనే ఇదంతా. బెంగ పెట్టుకోవడానికి మీకు వారాలు ఉన్నాయి. మాకు ఒక్క పూట కూడా దొరకలేదు.

లైబ్రరీ_మూల

చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మీ నలుగురూ తర్వాత కలిశారా?

తాళం_పడిన_గది

ముగ్గురం కలిశాం, ఒకమ్మాయి పెళ్లిలో. నాలుగో మనిషి దూరదేశంలో ఉంది. వీడియోలో తనకు ఆ పెన్సిలు లెక్కల ఫోటో చూపిస్తే, కూడిక తప్పని గొడవ మొదలుపెట్టింది. ఆ గొడవ ఇంకా తెగలేదు.

పాత_బ్యాచ్

తెగనివ్వకండి!

మూడో_అంతస్తు

తాళం_పడిన_గది గారూ, మీ మాటలు మా గదిలో చదివి వినిపించాను. మా గదిలో ఒకమ్మాయితో మా అందరికీ ఏడాదిగా సరిగ్గా మాటల్లేవు. కారణం కూడా చిన్నదే. ఆమె కూడా వింది. రాత్రి పొద్దుపోయేదాకా కబుర్లు చెప్పుకున్నాం. అంతా చక్కబడిందని చెప్పను. కానీ రేపు ప్రాజెక్టు నకళ్లు బైండింగుకు ఇవ్వడానికి ఇద్దరం కలిసి వెళ్తున్నాం.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఉన్న ఈ కొద్ది వారాలూ ఏం చేయాలి? మా వాళ్లలో సగం మంది పెద్ద జాబితా రాశారు, యాత్ర, ఆటల పోటీ, ఇంకా ఏవేవో. మిగతా సగం మంది ఏమీ వద్దు, ఊరికే కూర్చుందాం అంటున్నారు.

వేసవి_గాలి

జేమీ కర్ట్జ్ 2008లో ప్రచురించిన ప్రయోగం ఒకటి ఉంది. చదువు ముగియడానికి ఆరు వారాల ముందు విద్యార్థులను తీసుకున్నారు. ఇక మిగిలింది కొద్ది సమయమే అన్న ఆలోచనతో కొందరిచేత కాలేజీ గురించి రాయించారు. ఇంకా చాలా సమయం ఉందన్న ఆలోచనతో మరికొందరిచేత రాయించారు. అసలు గడువు అందరికీ ఒకటే. రెండు వారాల తర్వాత చూస్తే మొదటివాళ్లు ఎక్కువ సంతోషంగా ఉన్నారు, కాలేజీ కార్యక్రమాల్లో ఎక్కువగా పాల్గొన్నారు. కాబట్టి జాబితా రాసినవాళ్ల వైపే నేను.

పాత_బ్యాచ్

నేను ఊరికే కూర్చునేవాళ్ల వైపు. జాబితా పట్టుకుని తిరిగితే ఒక్కొక్కటీ కొట్టేయడమే పని అవుతుంది. మేము అలా ఒక యాత్ర వెళ్లాం. దారి పొడవునా వసూళ్ల లెక్కల గొడవే. తిరిగొచ్చి మెట్ల మీద కూలబడి నవ్వుకున్న అరగంటే మిగిలింది.

ముక్కుసూటి

యాత్ర వెళ్లకపోతే ఆ మెట్ల మీద నవ్వుకోవడానికి ఏముండేది పాత_బ్యాచ్ గారూ? గొడవలతో సహా వెళ్లాల్సిందే.

పాత_బ్యాచ్

సరే, ఒప్పుకున్నాను. వెళ్లండి. కానీ వచ్చాక మెట్ల దగ్గర ఆగండి.

గట్టి_గింజ

జాబితాలో ఏమున్నా ఒక పని మాత్రం చేయండి. ఏ గుంపులోనూ లేనివాళ్లను పేరు పెట్టి పిలవండి. "అందరూ రండి" అంటే వాళ్లు రారు. సాయంత్రం_బస్సు గారికి ఫోటో రోజు జరిగిందదే. ఎవరి పని వేళలు ఏమిటో ముందే కనుక్కుని గ్రూపు ఫోటో సమయం పెట్టండి.

సాయంత్రం_బస్సు

అవును. ఒక్కరు వచ్చి "నీకు ఏ రోజు వీలవుతుంది" అని అడిగి ఉంటే నేను సెలవు పెట్టుకుని వచ్చేదాన్ని.

మూడో_అంతస్తు

మా తరగతిలో ఇద్దరు ఉన్నారు ఇలా. రేపే అడుగుతాను.

లైబ్రరీ_మూల

ఫోటోలు తీస్తూ అసలు రోజును పోగొట్టుకోకండి. లిండా హెంకెల్ 2014లో మ్యూజియంలో జరిపిన ప్రయోగంలో, ఊరికే చూసినవాటి కంటే ఫోటో తీసిన వస్తువులే తక్కువ గుర్తున్నాయని తేలింది. ఒక భాగాన్ని దగ్గరగా చూసి తీసినప్పుడు మాత్రం ఆ నష్టం లేదు. కాబట్టి వందమంది వరుసగా నిలబడిన ఫోటో ఒకటి చాలు. మిగతావి దగ్గరివి తీయండి. అరిగిన బల్ల, గోడ మీది రాతలు, ఒకరి చేతిరాత.

మామూలువాటిని దాచుకోండి అని కూడా చెబుతాను. టింగ్ ఝాంగ్, ఆమె సహచరులు 2014లో విద్యార్థులచేత అప్పటి మాటలు, వింటున్న పాటలు, తమలో తాము నవ్వుకునే సంగతులు రాయించి భద్రం చేయించారు. మూడు నెలల తర్వాత తెరిచి చదివినప్పుడు, ముందు ఊహించినదానికంటే ఎంతో ఆసక్తి కలిగింది వాళ్లకు. మీ గదిలో ఒక మామూలు సాయంత్రం అరగంట మాటలు ఫోనులో రికార్డు చేసుకోండి. ముందే అందరికీ చెప్పి చేయండి. మొదటి ఐదు నిమిషాలు బిగుసుకుపోతారు, తర్వాత మరచిపోయి మామూలుగా మాట్లాడుకుంటారు. మా దగ్గర ఫోటోలు వేలల్లో ఉన్నాయి, గొంతులు లేవు. మాలో ఒకరి గొంతు ఇక వినలేం. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

తాళం_పడిన_గది

గొంతు విషయం వెయ్యి శాతం నిజం.

ముక్కుసూటి

ఫోటోల వెనక పేర్లు కూడా రాయండి. బారిక్ 1975లో 392 మంది మీద చేసిన అధ్యయనం ఇంకొకటి ఉంది. హైస్కూలు వదిలి మూడు దశాబ్దాలు దాటినా తోటివాళ్ల ముఖాలను తొంభై శాతం వరకు గుర్తుపట్టారు. ఫోటో చూసి పేరు చెప్పమంటే మాత్రం తడబడ్డారు. ముఖం మిగులుతుంది, పేరు జారిపోతుంది. ల్యాబ్ సహాయకులు, కాపలాదారు, గదులు ఊడ్చే మనిషి, వీళ్ల పేర్లు మొదట రాయండి. మొదట మరచిపోయేది వాళ్లవే.

నల్లబల్ల

ఇప్పటిదాకా మీరు రాసినవాటిలో నాకు బాగా నచ్చింది ఇదే, ముక్కుసూటి గారూ.

మూడో_అంతస్తు

పేర్ల పని ఈ రాత్రే మొదలుపెట్టాం. మొదటి ఏడాది ఫోటో తీసి ఒక్కొక్కరినీ గుర్తుపడుతున్నాం. రెండో వరుసలో ఎడమ చివర ఒక అబ్బాయి ఉన్నాడు, మధ్యలోనే చదువు మానేసినట్లున్నాడు. పేరు మాలో ఎవరికీ తెలియడం లేదు. ఒకరు ఒకటంటే ఇంకొకరు మరొకటి అంటున్నారు.

నల్లబల్ల

ఆ ఏడాది ల్యాబ్ హాజరు పుస్తకం మీ విభాగంలో ఎక్కడో ఉండే ఉంటుంది. ల్యాబ్ సహాయకుణ్ణి అడగండి. పుస్తకం కంటే ముందు ఆయనే చెప్పేస్తారు.

మూడో_అంతస్తు

పొద్దున్నే అడుగుతాను మేడమ్. గణితం సర్ గది కూడా ఆ పక్కనే. ఉత్తరం ఒక పేజీ అయింది, ఇంకా రాస్తున్నాను.